పాలుకిచ్చిన బర్రె ఎవరిది?

నేను పనిచేసే బడి షాద్‌నగర్‌కు అవతల ఒక చిన్న ఊళ్లో ఉంది. 2016లో జిల్లాలు విడిపోకముందు అది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి. కాగితాల మీద జిల్లా మారింది గానీ ఊరివాళ్లు ఇప్పటికీ పాలమూరోళ్లమనే చెప్పుకుంటారు. నేను పుట్టింది నల్లగొండ వైపు, పోచంపల్లి దగ్గర, మగ్గాల ఇంట్లో. ఈ రెండు జిల్లాల కరువూ, కష్టమూ దగ్గరనుంచి చూసినదాన్ని కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం, మా బడిలో పదో తరగతి వరకు చదివి తర్వాత ఇంటర్ పాసైన అమ్మాయి ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వెనకాలే వాళ్ల నాయనమ్మ. హైదరాబాద్ అవతల ఒక విదేశీ కంపెనీ ఫ్యాక్టరీలో పని దొరికిందట. చిన్న చిన్న ఎలక్ట్రానిక్ భాగాలు అతికించే పని. హాస్టలు, భోజనం వాళ్లదే. అమ్మాయి మొహం వెలిగిపోతోంది. నాయనమ్మ మాత్రం గడపలోనే కూర్చుని, "పైసలు పరాయి దేశపోళ్లయి. పని మన పిల్లది. మరి లాభం ఎవలది టీచరమ్మా?" అని అడిగింది.

నాకు తెలిసినంతలో చెప్పాను. విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి అంటే అప్పు కాదు. అప్పయితే లాభం వచ్చినా రాకపోయినా వడ్డీతో కట్టాలి. మన పొదుపు సంఘంలో నెల తిరిగేసరికి కిస్తీ కట్టినట్టు. ఇది అలా కాదు. బయటి దేశపు కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెడుతుంది, లేదా ఉన్న ఫ్యాక్టరీలో వాటా కొంటుంది. నష్టమొస్తే వాళ్లూ భరిస్తారు, లాభమొస్తే వాళ్ల వంతు పట్టుకుపోతారు. షేర్ మార్కెట్లో పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేసుకునే పెట్టుబడి వేరు. ఇది కంపెనీ నడపడంలో చెయ్యి వేసే పెట్టుబడి.

అంతా విని ఆ పెద్దమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "గింతేనా! పాలుకిచ్చిన బర్రె లెక్క."

పల్లెల్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. కలిగినవాళ్లు పెయ్యదూడను కొని లేనివాళ్లకు పాలుకు ఇస్తారు. మేపేది, కడిగేది, పేడ తీసేది, ఈనే రాత్రి నిద్ర మానుకుని కూర్చునేది లేనివాళ్ల ఇంటి ఆడమనిషి. ఎదిగినాక వెలకట్టి పంచుకుంటారు. దూడ ఇచ్చినవాళ్లు లేకపోతే ఆ ఇంటికి బర్రె అన్నదే ఉండదు, నిజమే. మేపినవాళ్లు లేకపోతే ఆ దూడ బర్రె కాదు, అదీ నిజమే. మరి పంపకం ఎట్లా జరగాలి? అది దూడను తీసుకునే రోజున మాట్లాడుకున్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో గింజలు లేని రోజున మాట్లాడుకుంటే ఒకలా, గడ్డివాము నిండుగా ఉన్న రోజున మాట్లాడుకుంటే ఇంకొకలా ఉంటుంది.

దేశాల సంగతీ ఇంతే.

మెట్ల లెక్క

జాన్ డన్నింగ్ అని ఒక ఇంగ్లీషు ఆర్థికవేత్త ఉండేవాడు. దేశం ఎదిగేకొద్దీ దాని పెట్టుబడుల రాకపోకలు ఎలా మారతాయో 1980 ప్రాంతంలో ఆయన మెట్లుగా విడదీసి చెప్పాడు. ఆ మెట్లను మా మగ్గాల భాషలో చెప్తాను.

మొదటి మెట్టు మీద ఉన్న ఇంటికి ఎవరూ పని తీసుకురారు. మగ్గం లేదు, పని రాదు, ఇంటిల్లిపాదీ వలస పోవాల్సిందే. దేశానికైతే రోడ్లు, కరెంటు, చదువు, కొనగలిగే జనం ఏవీ లేని దశ. గనులో నూనెబావులో ఉంటే తప్ప పరాయివాడు తొంగిచూడడు. రెండో మెట్టు మీద షావుకారు వచ్చి నూలిస్తాడు, ఇంటివాళ్లు కూలికి నేస్తారు. డిజైను ఆయనది, చీర ఆయనది, చేతులు మాత్రం మనవి. దేశంలోకి విదేశీ పెట్టుబడి జోరుగా వచ్చే దశ ఇదే. మూడో మెట్టులో ఆ ఇల్లు సొంతంగా నూలు కొని, సొంత రంగు, సొంత డిజైను వేస్తుంది. కూలి రేటు కూడా పెరుగుతుంది. ఇక నాలుగో మెట్టులో ఆ ఇల్లే పక్క ఊళ్లలో మగ్గాలు పెట్టిస్తుంది. అంటే దేశంలోకి వచ్చే పెట్టుబడి కంటే బయటికి వెళ్లే పెట్టుబడి ఎక్కువవుతుంది. అయిదో మెట్టు బాగా ఎదిగిన దేశాలది. అక్కడ రావడం, పోవడం ఇంచుమించు సరిసమానంగా ఉంటాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకి ఎక్కడం దానంతటదే జరగదు. షావుకారు నూలు ఎన్నేళ్లు నేసినా సొంత నూలు కొనే శక్తి రాని ఇళ్లు మా ఊళ్లో ఎన్ని లేవు! కూలిలో నాలుగు రాళ్లు వెనకేసినవాళ్లు, రంగుల కిటుకు నేర్చినవాళ్లు, నలుగురితో కలిసి సంఘం పెట్టుకున్నవాళ్లు ఎక్కారు. మిగతావాళ్లు అక్కడే ఉండిపోయారు.

మనం ఎక్కడున్నాం?

1973లో వచ్చిన విదేశీ మారక నియంత్రణ చట్టం చాలా రంగాల్లో పరాయి కంపెనీల వాటా 40 శాతం దాటకూడదంది. ఆ తర్వాతే 1977లో కోకాకోలా మన దేశం విడిచి వెళ్లింది. 1991లో ప్రభుత్వ ఖజానాలో విదేశీ మారకం అడుగంటింది, బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. అప్పుడు మన పి.వి. నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. ఆ జూలైలో వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం ఎన్నో రంగాల్లో 51 శాతం దాకా తలుపు తీసింది. ఇందాక చెప్పానే, ఇంట్లో గింజలు లేని రోజున మాట్లాడుకున్న పాలు. అది ఇదే. తప్పని పరిస్థితి కావచ్చు, కానీ గింజలు లేవన్న సంగతి అవతలివాడికీ తెలుసు.

మరి ఇప్పుడు? 2024-25లో దేశంలోకి మొత్తం 8,100 కోట్ల డాలర్ల ప్రత్యక్ష పెట్టుబడి వచ్చింది. వినడానికి ఎంత బాగుందో చూడండి. అదే ఏడాది పాత పెట్టుబడిదారులు అమ్ముకుని వెనక్కి పట్టుకెళ్లింది 5,100 కోట్ల డాలర్ల పైమాట. మన కంపెనీలు బయటి దేశాల్లో పెట్టింది దాదాపు 2,900 కోట్లు. తీసివేతలు పోగా నికరంగా మిగిలింది చాలా కొంచెం. చుట్టాలు బుట్టలకొద్దీ పండ్లు తెచ్చారని మురిసిపోయి, వాళ్లు వెళ్లాక పచ్చడి జాడీలు లెక్కపెట్టుకున్నట్టుంది.

రిజర్వు బ్యాంకు దీన్ని పరిణతి చెందిన మార్కెట్‌కు గుర్తు అంది. పెట్టుబడిదారులు హాయిగా వచ్చి హాయిగా వెళ్లగలుగుతున్నారంటే మంచిదే కదా అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. వెళ్లే దారి లేని ఇంటికి ఎవరూ రారు. మనవాళ్లు బయట పెట్టుబడి పెట్టడమూ గొప్పే. మిర్యాలగూడ దగ్గర పెద్దదేవులపల్లిలో మందుల ముడిసరుకు తయారుచేసే డాక్టర్ రెడ్డీస్, 2006లో జర్మనీలో బీటాఫార్మ్ కంపెనీని కొన్నది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో అరబిందో, హెటిరో ఫ్యాక్టరీలున్నాయి. అరబిందోకి అమెరికాలోనూ ఫ్యాక్టరీ ఉంది. కంపెనీల లెక్కలో చూస్తే మనం నాలుగో మెట్టు మీద కాలు పెట్టినట్టే.

కానీ అదే పోలేపల్లిలో భూములు పోయిన చిన్న రైతులు, పరిహారం చాలలేదంటూ ఏళ్ల తరబడి తిరిగారు. ఆ సెజ్ దాటి లోపలికి వెళ్తే, ఎండాకాలం రాగానే ముంబయికీ పుణెకూ మూట కట్టే ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. 2011 జనాభా లెక్కల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి 45 మంది లోపే. కంపెనీ నాలుగో మెట్టు, దాని గోడ అవతలి ఊరు రెండో మెట్టు, ఆ ఊళ్లో ముసలమ్మ ఇంకా మొదటి మెట్టు. దేశం ఏ మెట్టు మీద ఉందని అడిగితే నేను ఎవరిని చూసి చెప్పాలి? పరిణతి చెందింది మార్కెట్టే అయితే, మనుషులకు ఆ వయసు ఎప్పుడొస్తుంది?

పొగగొట్టం అక్కడే ఉంది

విదేశీ పెట్టుబడి అనగానే కొత్త ఫ్యాక్టరీ, కొత్త ఉద్యోగాలు అనుకుంటాం. అన్నీ అలా ఉండవు. మా నల్లగొండ సున్నపురాయినే చూడండి. మేళ్లచెరువు, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. అక్కడి మై హోమ్ సిమెంటు కంపెనీలో 2008లో ఐర్లండ్‌కు చెందిన సీఆర్‌హెచ్ సగం వాటా కొన్నది. దొండపాడు దగ్గరి శ్రీ విష్ణు సిమెంటు ఇటలీ కంపెనీ భాగస్వామిగా ఉన్న జువారి చేతికి వెళ్లింది. 2016లో ఆ ఇటలీ కంపెనీనే జర్మనీ హైడెల్‌బర్గ్ సంస్థ కొనేసింది. యజమాని ఇటలీ నుంచి జర్మనీకి మారాడు. పొగగొట్టం అక్కడే ఉంది, దుమ్ము అక్కడే ఉంది, రాయి మన నేలదే. ఇలాంటి కొనుగోళ్ల వల్ల కంపెనీకి డబ్బు, మంచి యంత్రాలు రావచ్చు. ఊరికి మాత్రం కొత్తగా ఒక్క ఉద్యోగమైనా రావాలన్న నియమం లేదు.

కొత్తగా కట్టినవీ ఉన్నాయి. కొత్తూరు మండలం పెంజర్లలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఫ్యాక్టరీ 2014లో మొదలైంది. మనం బట్టలుతికే పొడి అక్కడ తయారవుతోంది. సాగర్ రోడ్డు వైపు కొంగరకలాన్‌లో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2023 మేలో పునాదిరాయి వేసింది. ఇలాంటి చోట్ల పని అనగానే ముందు ఆడపిల్లలను అడుగుతారు. వేళ్లు సన్నగా ఉంటాయి, ఓపిక ఎక్కువ, గొడవ పెట్టుకోరు అంటారు. చైనాలో 1980లో షెన్‌జెన్ ప్రత్యేక మండలం పెట్టినప్పుడు కూడా పల్లెల నుంచి లక్షలమంది ఆడపిల్లలే ఆ ఫ్యాక్టరీలకు చేరారు. ఒక దేశం మెట్లెక్కేటప్పుడు మొదట వంగే నడుములు ఎవరివో తెలుస్తోంది కదా!

అంతెందుకు, పక్కనే తమిళనాడు శ్రీపెరంబుదూరులో 2021 డిసెంబరులో ఏం జరిగింది? ఫాక్స్‌కాన్‌లో పనిచేసే అమ్మాయిలు ఉండే హాస్టల్లో భోజనం వికటించింది. 150 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అమ్మాయిలంతా జాతీయ రహదారి మీద కూర్చుంటే తప్ప హాస్టళ్ల సంగతి ప్రపంచానికి తెలియలేదు. ఆ ఫ్యాక్టరీలోనే పెళ్లయినవాళ్లను ఐఫోన్ కూర్పు పనిలోకి తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. కంపెనీ కాదంది. కేంద్రం తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. పనిలో చేర్చుకునేటప్పుడు ఆడామగా తేడా చూపరాదని 1976 నాటి చట్టమే చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా అదే చెప్తోంది. మెడలో తాళి ఉందో లేదో చూసి వాకిట్లో నిలబెట్టేవాళ్లను మాత్రం ఎవరు ఆపాలి?

ఆ కాగితంలో లేని పేరు

మళ్లీ మా అమ్మాయి దగ్గరకు వస్తాను. వెళ్లమని ధైర్యం చెప్పింది నేనే. వాళ్ల నాన్న గుంపు మేస్త్రీ వెంట వెళ్లి ఎక్కడెక్కడో ఆనకట్టల మీద రాళ్లెత్తినవాడు. అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించే మేస్త్రీ, లెక్కలు ఆయన చేతిలోనే. ఆ ఇంటి పిల్ల తెల్లకోటు వేసుకుని ఏసీ హాల్లో పనిచేస్తుందంటే నాకే గర్వంగా అనిపించింది.

పది నెలలకు తిరిగి వచ్చేసింది. ఆర్డర్లు తగ్గాయట, రేపటి నుంచి రావద్దన్నారట. "కంపెనీని అడగలేకపోయావా?" అన్నాను కోపంగా. అప్పుడు ఆ కాగితం మళ్లీ తెచ్చి చూపించింది. రెండేళ్ల కిందట నేను సంబరంలో సరిగ్గా చదవనేలేదు. అందులో కంపెనీ పేరు లేదు. మనుషులను సరఫరా చేసే ఒక ఏజెన్సీ పేరుంది. అంటే నియామకం ఇచ్చింది కంపెనీ కాదు, తీసేసిందీ కంపెనీ కాదు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. నా కళ్లెదుటే తండ్రి గుంపు మేస్త్రీ ప్యాంటూ చొక్కా వేసుకుని కూతురి దగ్గరకు వచ్చాడు, నేను గుర్తు పట్టలేదు. చదువుకున్నదాన్ని, అదీ చదువు చెప్పేదాన్ని!

"నీకు చెప్పి తప్పు చేశానమ్మా" అన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "లేదు మేడం. బ్యాంకులో నా పేరు మీద ఖాతా అయింది. ఇంటి అప్పు సగం తీర్చిన. పెండ్లి జేస్తమని తొందరపెడుతుండె, ఆగిర్రు. మళ్ల పిలిస్తే పోత. కాకపోతే కాగితం చదివి పోత" అంది.

ఆ మాటే నా వాదన. విదేశీ పెట్టుబడి వద్దనేవాళ్లు ఈ పిల్ల ఖాతా చూడాలి. అదే సర్వరోగ నివారిణి అనేవాళ్లు ఈ పిల్ల కాగితం చూడాలి.

ఆసు మిషన్ చెప్పే పాఠం

మా అమ్మ ఆసు పోసేది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ ఆ కొస నుంచి ఈ కొసకు దారం తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరుగుతుంది. రాత్రి అన్నం ముద్ద నోటికెత్తాలంటే భుజం లేచేది కాదు. ఏ ఇంట్లో చూసినా ఇది ఆడవాళ్ల పనే, కూలి లెక్కలో పెట్టని పని. ఆలేరు ప్రాంతపు నేతబిడ్డ చింతకింది మల్లేశం, పెద్దగా చదువుకోకపోయినా, వాళ్లమ్మ బాధ చూడలేక ఏళ్లు కష్టపడి 1999లో ఆసు మిషన్ తయారుచేశాడు. దానికి వాళ్లమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా నల్లగొండ మగ్గాన్ని రెండో మెట్టు నుంచి పైకి లాగింది ఏ డాలరూ కాదు, ఒక తెలివైన చెయ్యి. అలాగని డాలరుతో పని లేదనను. డాలరు వచ్చినప్పుడు ఇలాంటి చేతులకు పని నేర్పి వెళ్తోందా, లేక ఉన్న భుజాలు అరగదీసి వెళ్తోందా అన్నది చూడాలంటాను.

దక్షిణ కొరియా తొలినాళ్లలో పరాయి కంపెనీలను ఆచితూచి రానిచ్చింది. అప్పులు తెచ్చి, యంత్రాలు కొని, పని నేర్చుకుని సొంత కంపెనీలు పెంచింది. చైనా తలుపు తీసింది గానీ భాగస్వామ్యాలు పెట్టి పనితనం రాబట్టుకుంది. దారులు వేరు, రెండూ ఎక్కడానికి పనికొచ్చాయి. దూడను తెచ్చుకున్నవాళ్లంతా మేపడంతో ఊరుకోలేదన్నమాట.

అందుకే ఒప్పందాల మీద సంతకాలయ్యి, ఇన్ని వేల కోట్లు, ఇన్ని వేల ఉద్యోగాలు అని పేపర్లో చదివినప్పుడు మనం నాలుగు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. ఆ ఉద్యోగాల్లో కంపెనీ పేరు మీద ఎన్ని, ఏజెన్సీ పేరు మీద ఎన్ని? మన ఐటీఐల్లో, మహిళా కళాశాలల్లో ముందుగా ఆ పని నేర్పుతారా, లేక స్క్రూ బిగించడం నేర్పి సూపర్‌వైజరును బయటి నుంచి తెస్తారా? డబ్బాలు, అట్టపెట్టెలు, బట్టలు, క్యాంటీన్ కూరగాయలు మన మండలంలో కొంటారా? మన మహిళా సంఘాలు ఆ పాటి పని చేయలేవా? పసిబిడ్డ ఉన్న తల్లికి చోటుందా? 50 మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 సవరణే చెప్పింది. అది కాగితం మీదుందా, ఊయల మీదుందా?

రాయితీలిచ్చేది ప్రభుత్వమే, భూమి ఇచ్చేది ప్రభుత్వమే, నీళ్లిచ్చేది ప్రభుత్వమే. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన నల్లగొండలో గుక్కెడు మంచినీళ్ల విలువ మనకు తెలుసు. ఇన్ని ఇచ్చినప్పుడు ఆ నాలుగు షరతులు రాయించుకోవడానికి మొహమాటమెందుకు? ఇప్పుడు ఇంట్లో గింజలు లేని 1991 కాదు కదా.

మొన్న బజార్లో నాయనమ్మ కనబడింది. మనవరాలు డిప్లొమాకి ప్రవేశ పరీక్ష రాసిందట. "మళ్ల కంపెనీకే పోతదట టీచరమ్మా, ఈసారి జర పైపనికి" అంది. పోతూ పోతూ ఆగి, "బర్రెను పంచుకోని. గని పెయ్యదూడ అన్నా మన కొట్టంల మిగలాలె గద" అంది.

దేశం ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి నాకైతే ఇంతకంటే మంచి కొలబద్ద కనబడలేదు. పరాయివాడు తన వంతు తీసుకుని వెళ్లిన రోజున మన కొట్టంలో ఏం మిగిలింది? మీ ఊళ్లో, మీ ఇంట్లో ఒకసారి లెక్క చూసుకోండి.